ఐదు నెలలు ఆగిపోయిన కూలింగ్ టవరును తిరిగి నడపడానికి సరైన వరుస ఏది?

ప్రశ్న: వేగావతి ఒడ్డు

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో బొబ్బిలి సమీపాన ఉన్న ఒక ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో షిఫ్టు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా ఫర్నేసును మే నెల మొదటి వారంలో ఆపివేశారు. దసరా వెళ్లి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారంలోనే దానిని మళ్లీ వెలిగించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఫర్నేసు మరమ్మతులు చూడడానికి వేరే బృందం ఉంది కాని, కూలింగ్ టవరు, సంపు, పంపులు, వాటి గొట్టాల బాధ్యత అంతా నాకు అప్పగించారు. నడుస్తున్న టవరును చూసుకోవడం నాకు అలవాటే. ఇంతకాలం ఆగిన దానిని మొదటి నుంచి నడిపించడం మాత్రం ఇదే తొలిసారి.

మాది రెండు సెల్లుల (విభాగాల) ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్ టవరు, అంటే పైనున్న ఫ్యాన్లు గాలిని లోపలి నుంచి పైకి లాగి, పడుతున్న వేడి నీటిని చల్లబరుస్తాయి. చల్లబడిన నీరు చేరే కాంక్రీటు బేసిన్, దానిని ఆనుకొని మూడున్నర మీటర్ల లోతున సంపు ఉన్నాయి. మూడు సెంట్రిఫ్యూగల్ పంపులు ఫుట్ వాల్వుల (పీల్చే గొట్టం అడుగున, నీరు వెనక్కి జారకుండా ఆపే వాల్వుల) ద్వారా సంపు నుంచి నీటిని తోడుకుంటాయి. రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక డీజిల్ పంపు కూడా ఉంది. గంటకు 400 ఘనపు మీటర్ల నీరు తిరుగుతుంది. బేసిన్, సంపు, గొట్టాలు అన్నీ కలిపి 240 ఘనపు మీటర్ల నీరు పడుతుంది.

ఆపినప్పుడు నీటిని ఖాళీ చేయలేదు. వానాకాలమంతా వాన నీరు కలిసి, పక్కనున్న వేపచెట్ల ఆకు రాలి, ఇప్పుడు బేసిన్ నిండా పచ్చటి పాచి, దోమ లార్వాలు ఉన్నాయి. సంపు దగ్గర నిలబడితే కుళ్లు వాసన వస్తోంది. మా దగ్గర ఎంతోకాలంగా పనిచేస్తున్న ఆపరేటరు గారు, "బ్లీచింగ్ పౌడరు చల్లి, పైన కొత్త నీరు నింపి, పంపూ ఫ్యానూ వేసేయండి బాబూ, రెండు రోజుల్లో అదే తేటపడుతుంది" అంటున్నారు. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా టవరుకు ముప్పై అడుగుల దూరంలో క్యాంటీను, గోడ అవతల టీ కొట్టు ఉన్నందువల్ల ఈ నీటి తుంపరలు గాలిలోకి పంపడానికి మనసు ఒప్పుకోవడం లేదు. సరైన వరుస ఏమిటో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరా?

జవాబు: పాత యుటిలిటీ మనిషి

మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో మందుల కర్మాగారాల యుటిలిటీ విభాగాల్లో చాలా కాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు తెలిసినంతవరకు, మీ ఆపరేటరు గారు చెప్పిన నాలుగు వస్తువులూ, అంటే బ్లీచింగు, కొత్త నీరు, పంపు, ఫ్యాను, అన్నీ అవసరమైనవే. వరుస ఒక్కటే తప్పు. ఈ పనిలో వరుసే ప్రాణం. ఫ్యాను అన్నింటికన్నా చివర తిరగాలి. మీరు మొదట చేయవలసిన పని స్విచ్చు వేయడం కాదు, తీసివేయడం.

పంపులకు, ఫ్యాన్లకు కరెంటు తీసి, ఫ్యూజులు పీకి, తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. ఫ్యాను రెక్కలను తాడుతో కట్టివేయండి. ఆగిన ఫ్యాను గాలికి తనంత తాను తిరుగుతుంది, లోపల మనిషి ఉన్నప్పుడు కరెంటు లేదన్న ధీమా పనికిరాదు. ఆ తరువాత నీటిని పూర్తిగా తోడివేసి, అడుగు బురద ఎత్తించండి.

సంపులోకి మనుషులను దింపే ముందు ఒక్క మాట వినండి. ఐదు నెలలు కుళ్లిన ఆకు, బురద అడుగున హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు ఉంటుంది. బురదను కదిపినప్పుడు అది ఒక్కసారిగా పైకి వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది కనుక "వాసన పోయింది, దిగవచ్చు" అనుకోవడం ఘోరమైన పొరపాటు. మన ఊళ్లలో పాత నూతిలోకి ఒకరు దిగి పడిపోతే, కాపాడబోయిన రెండోవాడూ అక్కడే పడిపోయిన సంగతులు మనందరం విన్నవే. గ్యాస్ మీటరుతో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదనీ, హైడ్రోజన్ సల్ఫైడు లేదనీ చూసి, బ్లోయరుతో గాలి పంపుతూ, నడుముకు తాడు కట్టి, పైన ఒక మనిషిని కదలకుండా నిలబెట్టిన తరువాతే దింపండి. పర్మిట్ రాయకుండా ఎవరినీ దింపవద్దు. ఇది వానాకాలం చివర కాబట్టి ఫిల్లు (నీరు పలచగా పరుచుకొని జారే పలకల పొర) సందుల్లో పాములు, ఫ్యాను డెక్కు కింద కందిరీగలు ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి.

బేసిన్ ఖాళీగా ఉన్నప్పుడే పైన పనులు ముగించండి. వేడి నీరు పడే తొట్టెలోని నాజిళ్లను ఒక్కొక్కటిగా చూడండి. మూసుకుపోయిన నాజిలు కింద ఫిల్లు ఎండిపోయి ఉప్పు పేరుకుంటుంది. డ్రిఫ్ట్ ఎలిమినేటరు పలకల మధ్య సందులు లేకుండా సర్దించండి; తుంపరలను లోపలే ఆపేది అవే, మీ క్యాంటీనుకు అవే రక్ష. ఫ్యాను గేర్‌బాక్సు అడుగు ప్లగ్గును కొద్దిగా వదిలి ఒక గ్లాసు నూనె పట్టి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి తేమ చేరిందన్నమాట. మొత్తం నూనె మార్చవలసిందే. మోటార్లను ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో పరీక్షించి, ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపితే ఆరబెట్టకుండా కరెంటు ఇవ్వవద్దు. వైబ్రేషన్ స్విచ్చును చేత్తో కదిపి, అది నిజంగా ఫ్యానును ఆపుతుందో లేదో చూడండి. చాలా చోట్ల దానిని బైపాస్ చేసి మరచిపోతారు.

పంపుల షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. ఐదు నెలల్లో, షాఫ్టు చుట్టూ నీరు కారకుండా ఆపే గ్లాండు ప్యాకింగు గట్టిపడి ఉంటుంది, ఫుట్ వాల్వు తలుపు అతుక్కుపోయి ఉండవచ్చు. పంపులో ముందుగా నింపే ప్రైమింగు నీరు పోసి పది నిమిషాలు చూడండి. మట్టం దిగితే ఫుట్ వాల్వు కారుతున్నట్టే. డెలివరీ వాల్వును దాదాపు మూసి ఉంచి పంపును వేసి, ప్రెజరు నిలబడగానే మెల్లమెల్లగా తెరవండి. మూసిన వాల్వు మీద పంపును ఒక నిమిషానికి మించి నడపవద్దు. ఖాళీ గొట్టాల్లోకి నీటిని ఒక్కసారిగా వదిలితే లోపలి గాలి నొక్కుకొని, నీటి దెబ్బకు గొట్టం పగులుతుంది. నేను పనిచేసిన ఒక చోట పది అంగుళాల హెడరు (చిన్న గొట్టాలకు నీరు పంచే పెద్ద గొట్టం) ఇలాగే వెల్డింగు దగ్గర విడిపోయింది; అదృష్టవశాత్తు ఆ సమయంలో కింద ఎవరూ లేరు. ఎత్తైన ప్రతి చోటా గాలి వదిలే కుళాయిలను తెరిచి ఉంచి, బుడగలు పోయి నిండు ధార వచ్చాక మూయండి.

మొదటి కడుగుడు నీటిని ఫర్నేసు గొట్టాల్లోకి పంపకండి. బైపాస్ గుండా తిప్పి, స్ట్రెయినర్లను (చెత్తను ఆపే జల్లెడలను) గంటకొకసారి విప్పి కడగండి. స్ట్రెయినరు శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఫర్నేసు వైపు వాల్వు తెరవవద్దు.

జవాబు: నీటి పరీక్షల గది

పై జవాబులో ఒక చిన్న సవరణ చేయదలచుకున్నాను. ఆ మురికి నీటిని తోడకముందే, ఉన్నచోటనే సోడియం హైపోక్లోరైట్ కలపడం మంచిది. సూక్ష్మజీవులతో నిండిన బురదను మనుషులు చేతులతో కదిపే ముందు వాటి బలం తగ్గించడమే దీని ఉద్దేశం. ఫ్యాన్లు ఆపి, వీలైతే ఒక పంపుతో నీటిని టవరు పైకి ఎక్కించకుండా బేసిన్‌లోనే తిప్పి, కొన్ని గంటల తరువాత తోడివేయండి. అప్పుడు కూడా పైన చెప్పిన గ్యాస్ పరీక్ష తప్పదు. గోడలు కడిగేటప్పుడు జెట్ మిషను వాడకండి. అది మురికిని పొగమంచులా చేసి పనివారి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. మామూలు గొట్టం, చీపురు, బ్రష్షు చాలు.

శుభ్రం చేసి కొత్త నీరు నింపిన తరువాత అసలు క్రిమిసంహారం చేయాలి. వ్యవస్థ అంతటా స్వేచ్ఛా క్లోరిన్ 5 పీపీఎం ఉండేలా చూసి, ఆ స్థాయిని కనీసం ఆరు గంటలు నిలబెట్టాలి. ఆ సమయంలో ఫ్యాన్లు ఆగి ఉండాలి, బ్లోడౌను (పాత నీటిని కొంచెం కొంచెంగా బయటికి వదిలే దారి) మూసి ఉండాలి, పంపులు మాత్రం నడవాలి. మీ 240 ఘనపు మీటర్లకు లెక్క సులభమే. 5 పీపీఎం అంటే ఘనపు మీటరుకు 5 గ్రాములు కనుక 1,200 గ్రాముల క్లోరిన్ కావాలి. పది శాతం హైపోలో (సోడియం హైపోక్లోరైట్‌లో) అది సుమారు 12 కిలోలు. ఇది కాగితం మీది లెక్క మాత్రమే. గోడల మీద మిగిలిన పాచి, గొట్టాల్లోని తుప్పు మొదట వేసిన క్లోరిన్‌ను తినేస్తాయి. పైగా మన ఎండలకు డ్రమ్ముల్లో నిలవ ఉన్న హైపో బలం తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి పోసిన కిలోలను నమ్మకుండా, క్లోరిన్ మోతాదును రంగుతో చూపే డీపీడీ కిట్టుతో అరగంటకొకసారి పరీక్షించి, తగ్గినంత మళ్లీ కలపండి. నమూనాను హైపో పోసిన చోటు నుంచి కాక, తిరిగి వచ్చే గొట్టం చివర నుంచి పట్టండి.

పీహెచ్ సంగతి చాలామంది మరచిపోతారు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం బలమైన రూపంలో ఉంటుంది, 8.5కు చేరితే మొత్తం క్లోరిన్‌లో సుమారు పదో వంతే ఆ రూపంలో మిగులుతుంది. కిట్టు అదే 5 చూపుతుంది, పని మాత్రం జరగదు. పీహెచ్‌ను 7 నుంచి 7.6 మధ్య ఉంచండి. దానికి ఆమ్లం వాడవలసి వస్తే హైపోకు ముందే, వేరే చోట, వేరే బకెట్టుతో, నీటిలో బాగా కలిసిపోయేలా పోయండి. ఆమ్లమూ హైపో ఒకదానికొకటి తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండు డ్రమ్ములను ఒకే షెడ్డులో ఉంచడం కూడా తప్పే. బ్లీచింగ్ పౌడరు వాడక తప్పకపోతే వేరే తొట్టిలో కరిగించి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. పొడిని నేరుగా బేసిన్‌లో చల్లితే ఆ సున్నం మీ నాజిళ్లలోనే చేరుతుంది.

ఆరు గంటలు నిండాక ఆ నీటిని వదలవలసి వస్తే సోడియం థయోసల్ఫేటుతో క్లోరిన్‌ను విరిచి, సున్నా అని పరీక్షించుకొని, మీ శుద్ధి ట్యాంకుకు పంపండి. గెడ్డలోకి (వాగులోకి) వదలవద్దు. దిగువన పశువులు తాగుతాయి, ఇది వరి పొట్ట మీద ఉండే కాలం.

ఆ తరువాత ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా తుప్పు నివారణ మందు వేయాలి. కడిగి శుభ్రం చేసిన ఉక్కు గొట్టం లోపలి భాగం పచ్చి పుండు లాంటిది. మందు లేని నీటిలో రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఫర్నేసు వేడి లేకుండా, మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు మందుతో నీటిని తిప్పండి. కచ్చితమైన మోతాదు మీకు మందు సరఫరా చేసేవారిని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్నించినవారి జవాబు: వేగావతి ఒడ్డు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఇవన్నీ కాగితం మీద రాసి మేనేజరు గారికి చూపించాను. ఆయన రెండు అభ్యంతరాలు చెప్పారు. మా బోరు గంటకు 8 ఘనపు మీటర్లే ఇస్తుంది కనుక ఒకసారి నింపడానికే ముప్పై గంటలు పడుతుంది. రెండుసార్లు ఖాళీ చేసి నింపితే పండుగ తరువాతి తేదీ దాటిపోతుందని ఆయన ఆందోళన. రెండోది, ఈ నీటి క్రిముల మాట విదేశాల్లో ఏసీ భవనాలకు సంబంధించినదని, ఫర్నేసు టవరుకు వర్తించదని ఆయన అభిప్రాయం. వీటికి నేను ఏమని బదులు చెప్పాలి?

జవాబు: రక్షణ విభాగం

రెండో అభ్యంతరానికి నేను బదులు చెబుతాను. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారికి అంతుచిక్కని న్యుమోనియా సోకింది. మరుసటి ఏడాది జనవరిలో శాస్త్రవేత్తలు దానికి కారణమైన బాక్టీరియాను పట్టుకున్నారు. ఆ సైనికుల సంఘం పేరు మీదనే దానికి లెజియొనెల్లా అని పేరు వచ్చింది. 2015 వేసవిలో న్యూయార్కులోని సౌత్ బ్రాంక్స్ ప్రాంతంలో 138 మందికి ఈ జబ్బు సోకి 16 మంది చనిపోయారు. దానికి మూలం ఒక హోటలు పైకప్పు మీది కూలింగ్ టవరు అని తేలింది. టవరును తాకినవారే కాక, ఆ వీధుల్లో నడిచినవారు కూడా జబ్బుపడ్డారు.

ఆ బాక్టీరియాకు టవరు ఎవరిదో తెలియదు. దానికి కావలసినవి నిలిచిన నీరు, పాచి, తుప్పు, 20 నుంచి 45 డిగ్రీల వేడి మాత్రమే. మన ప్రాంతంలో మే నుంచి అక్టోబరు దాకా నిలిచిన నీరు రాత్రీ పగలూ ఆ వేడిలోనే ఉంటుంది. ఆ నీరు తాగడం వల్ల కన్నా, దాని సన్నని తుంపరలను పీల్చడం వల్లనే జబ్బు వస్తుంది. మీ ఫ్యాన్లు చేసే పని అదే. యాభై దాటినవారికి, చుట్ట బీడీ తాగేవారికి, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. మీ టీ కొట్టు దగ్గర కూర్చునేవారిలో ఎందరు అలాంటివారో మేనేజరు గారినే ఒకసారి చూసి రమ్మనండి.

శుభ్రం చేసే పనివారికి గుడ్డ కట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కు, రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు ఇవ్వండి. పని ముగిసిన తరువాత రెండు వారాల లోపు ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పంపి, "నేను కూలింగ్ టవరు కడిగాను" అని డాక్టరుకు చెప్పమనండి. ఈ మాట చాలా ముఖ్యం, ఎందుకంటే పెన్సిలిన్ జాతి మందులు ఈ క్రిమి మీద పనిచేయవు. డాక్టరుకు అనుమానం కలిగితేనే సరైన మందు త్వరగా పడుతుంది. కాంట్రాక్టు కూలీలు పని అయిపోగానే తమ ఊళ్లకు వెళ్లిపోతారు కనుక ఈ విషయాన్ని తెలుగులో ఒక చీటీ మీద రాసి ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి.

జవాబు: పాత యుటిలిటీ మనిషి

నీటి సంగతికి దారి ఉంది. మొదటి కడుగుడుకు నిండా నింపవలసిన పని లేదు. ఫుట్ వాల్వు బాగా మునిగి, సుడి తిరిగి గాలి పీల్చనంత మట్టం ఉంటే ఒక పంపుతో బైపాస్ కడగవచ్చు. ఆ సగం నీటిని వదిలి రెండోసారి పూర్తిగా నింపండి. క్రిమిసంహారం చేసిన నీరు తేటగా ఉంటే దానిని వదలకుండా, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఆగి, అందులోనే తుప్పు మందు కలపవచ్చు. అంటే మీకు నలభై ఐదు గంటల బోరు నీరు సరిపోతుంది. ట్యాంకర్లు రెండు తెప్పిస్తే ఇంకా తగ్గుతుంది. తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, రేపే పని మొదలుపెట్టండి.

మీది ఫెర్రో ఫర్నేసు కాబట్టి మరొక మాట చెప్పాలి. మా మందుల కర్మాగారాల్లో చల్లటి నీరు ఆగితే బ్యాచ్ పాడవుతుంది. మీ దగ్గర ఎలక్ట్రోడులకు కరెంటు అందించే కాంటాక్టు క్లాంపులు, వాటిని నొక్కి పట్టే ప్రెజరు రింగు, ట్రాన్స్‌ఫార్మరు కూలరు ఈ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. ఒక్క రాగి గొట్టంలో నీరు ఆగి అది కాలి చిల్లుపడితే, నీరు కరిగిన లోహం మీద పడి ఆవిరి పేలుడు జరగవచ్చు. అందుచేత హెడరులో ప్రెజరు ఉందని తృప్తిపడకండి. ప్రెజరు గేజికి ఏ గొట్టం మూసుకుందో తెలియదు. తిరుగు నీరు తొట్టిలో పడే చోట నిలబడి ప్రతి గొట్టం ధారను కంటితో చూడండి. బకెట్టు, గడియారం పట్టుకొని ఒక్కొక్క గొట్టం ఎన్ని సెకన్లలో నింపుతుందో రాయండి. కరెంటు తీసివేసి డీజిల్ పంపు ఎంతసేపటికి అందుకుంటుందో కూడా ఫర్నేసు చల్లగా ఉన్నప్పుడే పరీక్షించండి. ఆ పట్టిక మీ చేతికి వచ్చేదాకా ఫర్నేసుకు పవరు ఇవ్వడానికి సంతకం చేయకండి.

ప్రశ్నించినవారి జవాబు: వేగావతి ఒడ్డు

పని ముగిసింది కనుక మీకు తెలియజేయడం నా బాధ్యత. బురద కదిపినప్పుడు సంపులో గ్యాస్ మీటరు మోగింది. రెండు గంటలు బ్లోయరు నడిపిన తరువాతే మనుషులను దింపాము. ఇన్నాళ్లూ ఆ వాసనను ఎవరూ పట్టించుకోలేదని తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తోంది. అడుగున జానెడు మందం బురద వచ్చింది. రెండో సెల్లు గేర్‌బాక్సు నూనె మీరు చెప్పినట్టే పాలలా ఉంది, మార్చాము. మొదట పోసిన 12 కిలోల హైపోకు తిరుగు గొట్టం దగ్గర క్లోరిన్ 1 పీపీఎం కూడా రాలేదు. ఆరు గంటల పాటు 5 నిలబెట్టేసరికి 31 కిలోలు పట్టింది. మేనేజరు గారు ఆ రాత్రి స్వయంగా వచ్చి కిట్టుతో రంగు చూశారు. ఫ్యాన్లు మరునాడు ఉదయం వేశాము.

బకెట్టు పరీక్షలో ఇరవై నాలుగు గొట్టాల్లో ఇరవై రెండు తొమ్మిది, పది సెకన్లలో బకెట్టు నింపాయి. ఒకటి పదిహేడు సెకన్లు తీసుకుంది. వాల్వు సగమే తెరిచి ఉంది. రెండో ఎలక్ట్రోడు క్లాంపుకు వెళ్లే ఒక గొట్టం మాత్రం నలభై సెకన్లయినా సగం నింపలేదు. హెడరు ప్రెజరు అప్పుడు సరిగ్గానే చూపుతోంది. విప్పి చూస్తే, మరమ్మతు సమయంలో దుమ్ము పడకుండా ఎవరో కుక్కి మరచిపోయిన గోనె గుడ్డ దొరికింది.